పెన్షన్ తీసుకునే మనిషి పోతే ఇంట్లో వాళ్లకి ఫ్యామిలీ పెన్షన్ ఎట్టా మార్పించుకోవాలి

మాది కందుకూరు పక్కన పల్లె. నాన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు, పోయేనాటికి 73 ఏళ్లు. ఆయన పోయాక అమ్మ పేరు మీదకి పెన్షన్ మార్పించడానికి తిరిగింది నేనే, ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా తర్వాత మా బంధువుల్లో నాలుగిళ్లకి పనికొచ్చింది, ప్రతిసారీ ఫోన్లో మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే కావలి వాళ్లకైనా పొదిలి వాళ్లకైనా ఉపయోగపడుతుందని రాస్తన్నా.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఎవురో దయతలిచి ఇచ్చే డబ్బు కాదు, కొత్తగా శాంక్షన్ చేయించుకునేది కూడా కాదు. నాన్న రిటైరైన రోజు ఇచ్చిన పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అదే పీపీఓ, దాంట్లోనే ఆయన తర్వాత భార్యకి ఫ్యామిలీ పెన్షన్ ఎంత ఇవ్వాలో రాసే ఉంటుంది. మనం చేయాల్సింది రెండే పనులు, ఆయన పోయిన సంగతి ట్రెజరీకి, అంటే పెన్షన్ బిల్లు చేసే ప్రభుత్వ ఖజానా ఆఫీసుకి చెప్పడం, పీపీఓలో ఉన్న ఆవిడే ఈవిడ అని చూపించడం. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. రెండోదాంట్లోనే అందరూ ఇరుక్కునేది, మేమూ అక్కడే ఇరుక్కున్నాం. మధ్యవర్తులు వచ్చి ఇంత ఇవ్వండి మేం చేయించి పెడతాం అంటారు, ఇవ్వాల్సిన పని లేదు, అక్షరం ముక్క వచ్చిన మనిషి ఇంట్లో ఒక్కరుంటే చాలు.

పీపీఓ ఎక్కడుందో వెతకండి ముందు. మా ఇంట్లో ఇనప పెట్టె అడుగున, అమ్మ పెళ్లి చీర కింద, పాలిథిన్ కవర్లో చుట్టి ఉంది. తెరిస్తే నాన్న అమ్మ పక్కపక్కన కూర్చున్న జాయింట్ ఫోటో, రిటైరయ్యే ముందు స్టూడియోకి పోయి తీయించుకున్నది, దాని మీద సగం ఫోటో మీదకి సగం కాగితం మీదకి వచ్చేట్టు ఆఫీసరు సంతకం, స్టాంపు. ఆ ఫోటోనే రేపు అమ్మకి సాక్ష్యం. పీపీఓకి రెండు కాపీలుంటాయి, ఒకటి పెన్షనర్ దగ్గర, ఇంకోటి ట్రెజరీలో. మనది పోయినా కంగారు పడొద్దు, ట్రెజరీ వాళ్ల దగ్గర రెండోది ఉంటది కాబట్టి డూప్లికేట్‌కి అప్లై చేసుకునే దారుంది, కాకపోతే పోలీసు కంప్లైంటు, అఫిడవిట్టు అని ఇంకో రెండు పనులు తగులుకుంటాయి. పీపీఓ నంబరు, సీఎఫ్ఎంఎస్ ఐడీ (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ సిస్టంలో ఆయన నంబరు) రెండూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఏ కిటికీ దగ్గరికి పోయినా మొదట అడిగేది అవే.

పీపీఓ మీద దాన్ని ఏ ఆఫీసు ఇచ్చిందో ఉంటది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి అకౌంటెంట్ జనరల్ ఆఫీసు, మనోళ్లు ఏజీ ఆఫీసు అంటారు. స్థానిక సంస్థల్లో చేసినోళ్లలో కొందరికి ఆడిట్ శాఖ. తప్పు ఏదైనా దిద్దించాల్సి వస్తే కాగితం చివరికి పోయేది ఆ ఆఫీసుకే కాబట్టి అది తెలిసి ఉండాలి. ఇంకోటి, 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, అప్పుడు చాలామంది ఇప్పుడు ఒంగోలు పోవాలా నెల్లూరు పోవాలా అని తికమక పడ్డారు. జిల్లా సంగతి వదిలేయండి, నెలనెలా పెన్షన్ బిల్లు ఏ ట్రెజరీ నుంచి అవుతుందో మీ పని కూడా అక్కడే.

ఇక మొదటి పది రోజులు. ఇల్లంతా ఏడుపులు, బంధువులు, పెద్దకర్మ పనులు, ఆ టైంలో ట్రెజరీ ఎవురికి గుర్తుంటది. కానీ ఒక పని మాత్రం ఆపొద్దు, మనిషి పోయాక వారంలోపే ఒక తెల్లకాగితం మీద ఫలానా పీపీఓ నంబరు పెన్షనర్ ఫలానా తేదీన చనిపోయారు, పెన్షన్ ఆపగలరు అని రాసి ట్రెజరీలో ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం స్టాంపు వేయించుకోండి. డెత్ సర్టిఫికెట్ రాకపోయినా ఇది ఇవ్వొచ్చు.

ఎందుకంత తొందర అంటే చెప్తా. మన రాష్ట్రంలో జూన్ నెల పెన్షన్ జూలై మొదట్లో పడుద్ది. మనిషి జూన్ 18న పోయాడనుకోండి, ఆ 18వ తేదీ దాకా ఆయన పెన్షన్ ఆయనకి వస్తుంది, పొద్దున పోయినా రాత్రి పోయినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. 19 నుంచి ఆమెకి ఫ్యామిలీ పెన్షన్ మొదలు. మనం చెప్పకపోతే జూలైలో నెల మొత్తం పడిపోద్ది, ఆ 12 రోజులది మనది కాదు. మా బంధువుల ఇంట్లో ఇదే జరిగింది, ఏటీఎం కార్డు కొడుకు చేతిలో ఉంది, పిన్ను తెలుసు, పెద్దకర్మ ఖర్చులకని రెండు నెలలు వరసగా తీసేశాడు. పాపం దొంగతనం చేయాలని కాదు, నాన్న డబ్బే కదా అనుకున్నాడు. తర్వాత ఆ మొత్తం కట్టేదాకా వాళ్లమ్మ ఫైలు కదల్లేదు, ఆవిడ ఆ నాలుగు నెలలు కూతురింట్లో ఉండి చేయి చాచాల్సి వచ్చింది. అందుకే చెప్తన్నా, మనిషి పోయిన రోజు నుంచి ఆ అకౌంటు ఏటీఎం కార్డు ముట్టుకోవద్దు. ఎక్కువ పడితే పడనీయండి, అట్నే ఉంచండి, వాళ్లే వెనక్కి తీసుకుంటారు.

డెత్ సర్టిఫికెట్ దగ్గర మేం చేసిన తప్పు మీరు చేయొద్దు. నాన్న పోయింది నెల్లూరు ఆస్పత్రిలో, తీసుకొచ్చి దహనం చేసింది మా ఊళ్లో. నేను మా ఊరి సచివాలయం చుట్టూ రెండు రోజులు తిరిగా. మనిషి ఎక్కడ ప్రాణం వదిలాడో ఆ ఊరి రిజిస్ట్రారే సర్టిఫికెట్ ఇవ్వాలి, సొంతూరు కాదు, దహనం చేసిన ఊరు కాదు. నెల్లూరు ఆస్పత్రి అయితే నెల్లూరు కార్పొరేషన్, ఒంగోలు అయితే ఒంగోలు కార్పొరేషన్, ఇంట్లో పోతే ఆ పంచాయతీ. మన వైపు పెద్ద జబ్బంటే చెన్నై తీసకపోతారు కదా, అక్కడ పోతే సర్టిఫికెట్ కూడా అక్కడిదే, దాంట్లో తమిళం ఇంగ్లీషు రెండూ ఉంటాయి, ఇక్కడ చెల్లుద్ది, భయపడొద్దు. చావు జరిగిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేస్తే ఏ ఫీజూ లేదు. 30 రోజుల దాకా లేట్ ఫీజుతో అయిపోద్ది. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటిందా ఇక ఆర్డీఓ దాకా పోవాల్సి వస్తది. ఆస్పత్రిలో పోతే సమాచారం పంపాల్సింది ఆస్పత్రి వాళ్లే కానీ, ఏం పేరు రాసి పంపుతున్నారో డిశ్చార్జి కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. అడ్మిషన్ రోజు కంగారులో ఎవురో చెప్పిన ముద్దుపేరు రాసేసి ఉంటారు, అదే సర్టిఫికెట్ మీదకి వస్తది. పీపీఓలో ఉన్న పేరు, ఇంటిపేరు, స్పెల్లింగుతో సహా అదే రావాలి. ఒరిజినల్స్ కనీసం ఐదు తీసుకోండి, ట్రెజరీకి ఒకటి, బ్యాంకుకి ఒకటి, ఎల్ఐసీకో పొలం పాసు పుస్తకానికో ఇంకోటి, అట్టా అయిపోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు, పేర్లు.

మా అమ్మ పేరు పీపీఓలో రమణమ్మ. ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి వెంకట రమణమ్మ. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు బదులు ఒక పొడి అక్షరం, వెంకట ఎగిరిపోయింది. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, మన ఊళ్లలో పెద్దోళ్లందరికీ అదే తేదీ కదా. పీపీఓలో అమ్మ పుట్టిన తేదీ గడి ఖాళీ. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులయింది. ట్రెజరీలో గుమాస్తా ఆ మూడూ బల్ల మీద పరిచి, వేలితో ఒక్కో పేరూ చూపించి, ఈ ముగ్గురూ ఒకరేనని నాకు తెలుసయ్యా, కానీ రేపు ఆడిట్లో నేనేం చూపించను అన్నాడు. ఆయన తప్పు కాదు అది. అమ్మ మాత్రం బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని, నా పేరు నాది కాదంటన్నారా నాయనా అని అడిగింది. ఆ మాట ఇంకా మర్చిపోలేదు నేను.

దీనికి దారి ఏంటంటే, తేడా చిన్నదైతే, అంటే ఇంటిపేరు పొడిగా ఉండటం, పొడుగ్గా ఉండటం, ఒక అక్షరం అటూ ఇటూ, రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ అఫిడవిట్టు, దాంతో పాటు తాసీల్దారు ఆఫీసు నుంచి ఆ మేరకు సర్టిఫికెట్టు పెడితే ట్రెజరీలోనే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మాకు అట్నే అయింది. తేడా పెద్దదైతే, అంటే పేరే వేరుగా ఉంటే, నాన్న పని చేసిన ఆఫీసుకి అర్జీ పెట్టి, అక్కడి నుంచి ఏజీ ఆఫీసుకి పంపించి పీపీఓలోనే దిద్దించుకోవాలి. అది నెలల పని. ఆ తేడా ఆధార్‌లో ఉంటే ముందు ఆధార్ దిద్దుకోవడం తేలిక, కాబట్టి ఏ కాగితం తప్పు, ఏది ఒప్పు అని కూర్చుని చూసుకుని, పీపీఓకి మిగతావి సరిపోయేట్టు మార్చుకోండి, పీపీఓని వాటికి సరిపోయేట్టు కాదు.

మీ నాన్న ఇంకా ఉన్నాడా, అయితే ఈ పని ఇప్పుడే చేయండి, నిజంగా చెప్తన్నా. ఆయన ఉండగా ఆయన సంతకంతో ఒక అర్జీ పెడితే అయిపోయే పని, ఆయన పోయాక తాసీల్దారు, నోటరీ, సాక్షులు అని సాగుద్ది. ముఖ్యంగా అమ్మ పుట్టిన తేదీ పీపీఓలో ఎక్కిందో లేదో చూడండి. అది ఎందుకంటే, మన రాష్ట్రంలో పెన్షనర్‌కి 70 ఏళ్లు దాటితే అదనపు పెన్షన్ కలుస్తది, ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆవిడకి కూడా ఆమె సొంత వయసును బట్టి కలుస్తది. వయసు కాగితం మీద లేకపోతే ఆ అదనం రాదు. నాకు తెలిసిన ఒక పెద్దావిడ 76 ఏళ్లొచ్చినా ఒక్క రూపాయి అదనం లేకుండా తీసుకుంటా ఉండింది, ఎవురూ చెప్పలేదు ఆమెకి.

బ్యాంకు సంగతి. అమ్మ పేరు మీద సొంతంగా సేవింగ్స్ అకౌంటు ఉంటే చాలా మంచిది, ఆధార్ పాన్ లింకు చేసి, ఆమె ఫోన్ నంబరే ఇచ్చి. నాన్నతో కలిసిన జాయింట్ అకౌంటు ఉందిలే అని ఊరుకోవద్దు, ఆయన పేరు తీయించి దాన్ని మార్పించుకునే లోపు ఇంకో నెల పోద్ది. అకౌంటు వాడక డార్మెంట్ అయిపోయిందేమో కూడా చూడండి, మా అమ్మది ఎప్పుడో డ్వాక్రా టైంలో తెరిచింది, మూడేళ్లుగా ముట్టుకోలేదు, మళ్లీ కేవైసీ ఇచ్చి ఒక వంద రూపాయలు వేసి తీస్తే గానీ బతకలేదు. ఫోన్ నంబరు మనవడిదో అల్లుడిదో ఇవ్వొద్దు, డబ్బులు పడ్డ మెసేజీ ఆమె చేతిలో ఫోనుకే రావాలి.

ట్రెజరీకి పోయే రోజు అమ్మని వెంట తీసకపోవాలి, అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కసారి పోతే చాలు. కవర్లో పెట్టుకోవాల్సినవి చెప్తా, ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వాలని అర్జీ, డెత్ సర్టిఫికెట్ ఒరిజినల్, మన దగ్గరున్న పీపీఓ కాపీ, అమ్మ ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక అరడజను, మళ్లీ పెళ్లి చేసుకోలేదని డిక్లరేషను. ఈ ఆఖరిది రాసేటప్పుడు అమ్మలు బాధపడతారు, డెబ్బై ఏళ్ల మనిషికి ఇదేం రాతరా అని, ఫారంలో అందరికీ అదే ఉంటదని ముందే చెప్పి తీసకపోండి. సంతకం రాకపోతే వేలిముద్రలు, వాటికి తెలిసినోళ్ల సంతకాలు. ఒంటి మీద పుట్టుమచ్చలు రెండు రాయమంటారు, అక్కడ కిటికీ దగ్గర నలుగురు మగాళ్ల మధ్య అడిగితే అమ్మకి ఇబ్బంది, ఇంట్లోనే అడిగి రాసుకుని పోండి. మా అమ్మకి ఎడమ మోచేతి కింద ఒకటుంది, నాకు అన్నేళ్లలో ఎప్పుడూ తెలీదు.

పొద్దున పదిన్నరకల్లా ఉండండి, నెలాఖరు బిల్లుల రోజుల్లో పోవద్దు, ఆ రోజుల్లో వాళ్లకి తల తిప్పే తీరిక ఉండదు. నెల మొదటి వారం దాటాక, ఇరవయ్యో తారీకు లోపు పోతే కూర్చోబెట్టి చూస్తారు. కాగితాలన్నీ ఇచ్చాక లిస్టు రాసిన కాపీ మీద రసీదు తీసుకోండి. పీపీఓలో అమ్మ పేరు, ఫోటో, ఫ్యామిలీ పెన్షన్ మొత్తం ముందే ఉంటే ట్రెజరీ వాళ్లే మార్చి మొదలుపెడతారు, మళ్లీ ఏజీ ఆఫీసు ముఖం చూడక్కర్లేదు. ఇది చాలామందికి తెలీక హైదరాబాద్ పోవాలేమో విజయవాడ పోవాలేమో అని భయపడతారు. మొదలవడం ఒక నెల అటూ ఇటూ అయినా డబ్బు ఎక్కడికీ పోదు, పోయిన మర్నాటి నుంచి లెక్కేసి బకాయితో సహా ఇస్తారు.

ఎంత వస్తది అనేది అందరూ అడిగే ప్రశ్న, తగ్గిపోద్దని ముందే ఇంట్లో చెప్పుకోవాలి. మామూలు ఫ్యామిలీ పెన్షన్ అంటే చివరి బేసిక్ జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్, అంటే ధరలు పెరిగేకొద్దీ కలిపే కరువు భృతి. లెక్క తేలిగ్గా అర్థమయ్యేదానికి చివరి బేసిక్ 50,000 అనుకోండి, ఫుల్ సర్వీసు ఉన్న మనిషికి పెన్షన్ సగం, అంటే 25,000, ఆయన తర్వాత ఆమెకి 15,000, రెండింటికీ డీఆర్ వేరే. రిటైరైన కొద్ది ఏళ్లకే మనిషి పోతే, లేదా సర్వీసులో ఉండగానే పోతే, మొదట కొన్నాళ్లు పెంచిన రేటు ఉంటది, 50 శాతం, ఇది పోయిన రోజు నుంచి ఏడేళ్లు, లేదంటే ఆయన బతికుంటే రూల్లో చెప్పిన వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అదే. ఆ రేటు ఏ తేదీ దాకా అని పీపీఓలోనే రాసుంటది. ఆ తేదీ దాటాక 30 శాతానికి దిగుద్ది, ఆ నెల బ్యాంకులో తక్కువ పడితే ఎవురో కోసేశారని గొడవకి పోవద్దు.

ఇంకో అపోహ కమ్యుటేషన్. రిటైరైనప్పుడు పెన్షన్లో కొంత భాగం అమ్మి ఒకేసారి డబ్బు తీసుకుంటారు కదా, దానికి నెలనెలా కోత పడుతుంటది. ఆయన పోతే ఆ కోత అమ్మ మీదకి రాదు. ఫ్యామిలీ పెన్షన్ లెక్క చివరి జీతం మీద కాబట్టి కమ్యుటేషన్‌తో సంబంధం లేదు. ఎక్కడైనా పొరపాటున కోసినట్టు కనిపిస్తే స్లిప్పు తీసుకుని అడగండి.

ఆయన చనిపోయిన నెలలో ఆయనకి రావాల్సిన రోజుల పెన్షన్, డీఆర్ బకాయిలు, పీఆర్సీ (జీతాల సవరణ) బకాయిలు, ఇవన్నీ కలిపి లైఫ్ టైం ఎరియర్స్ అంటారు. ఇది ఫ్యామిలీ పెన్షన్ కాదు, ఆయన సంపాదన, కాబట్టి దీనికి వేరే అర్జీ. ఆయన బతికుండగా దీనికి నామినేషన్ ఇచ్చుంటే నామినీకి తేలిగ్గా ఇస్తారు, ఇవ్వకపోతే వారసులందరి పేర్లతో తాసీల్దారు ఆఫీసు సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలోనో మీసేవలోనో అప్లై చేయొచ్చు, మిగతా పిల్లలు అమ్మకే ఇవ్వండి అని ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాలి. బెంగళూరులో ఉన్న తమ్ముడు పెద్దకర్మకి వచ్చినప్పుడే ఆ సంతకం చేయించుకోండి, మళ్లీ దసరాకి వస్తాడులే అనుకుంటే అప్పటిదాకా ఆగుద్ది. దీంతో పాటు పెన్షనర్ చనిపోతే ఇచ్చే డెత్ రిలీఫ్ ఒకటుంది, అది అడిగితేనే ఇస్తారు, మర్చిపోవద్దు.

ఇప్పుడు ఇళ్లల్లో తగాదాలు వచ్చే సంగతి. నాన్న వీలునామా రాశాడు, పెన్షన్ పెద్ద కొడుక్కి రావాలని రాశాడు అంటారు కొందరు. ఫ్యామిలీ పెన్షన్‌ని వీలునామాలో ఎవురికీ రాయడం కుదరదు, అది ఉద్యోగి ఆస్తి కాదు, రూల్ ప్రకారం కుటుంబానికి చేరేది, సుప్రీంకోర్టు 1991లోనే ఈ మాట చెప్పింది. భార్య ఉన్నంతవరకు ముందు హక్కు ఆమెదే. ఆమె కూడా లేకపోతే పిల్లల్లో అర్హత ఉన్నోళ్లకి, అది కూడా 25 ఏళ్ల వరకో పెళ్లయ్యేవరకో. వైకల్యంతో సంపాదించుకోలేని బిడ్డ ఉంటే జీవితాంతం వస్తది. మీ ఇంట్లో అట్టాంటి బిడ్డ ఉంటే సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చూపించేది) తీసుకుని, తల్లిదండ్రులు ఉన్నప్పుడే ఆ బిడ్డ పేరు పెన్షన్ కాగితాల్లో ఎక్కించండి. భర్త పోయిన కూతురు, విడాకులైన కూతురు పుట్టింట్లోనే ఆధారపడి ఉంటే వాళ్లకీ షరతులతో అవకాశం ఉంది, దానికి నాన్న పని చేసిన ఆఫీసు ద్వారానే పోవాలి, ట్రెజరీ ఒక్కటే చేయలేదు.

నామినీ సంగతి కూడా ఇట్టాంటిదే. బ్యాంకులోనో ఇన్సూరెన్సులోనో నామినీగా ఉన్నంత మాత్రాన ఆ డబ్బు మొత్తం నామినీది అయిపోదు, వారసుల తరఫున అందుకునే చెయ్యి అనుకోండి, ఇన్సూరెన్సు డబ్బు గురించి సుప్రీంకోర్టు 1984లో చెప్పింది ఇదే. ఆ తర్వాత ఇన్సూరెన్సు చట్టం మార్చి, భార్యనో భర్తనో పిల్లల్నో తల్లిదండ్రుల్నో నామినీగా పెడితే డబ్బు వాళ్లదే అని తెచ్చారు, కాబట్టి ఏ డబ్బుకి ఏ రూలు అని విడివిడిగా అడిగి తెలుసుకోండి. వారసుల మధ్య నిజంగా పేచీ ఉంటే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోక తప్పదు, దానికి ఖర్చు, టైము రెండూ ఉంటాయి, అన్నదమ్ములు ఒక పూట కూర్చుని మాట్లాడుకోవడం దానికంటే చాలా చవక.

సర్వీసులో ఉండగానే పోయినోళ్ల ఇంటికి పని ఎక్కువ. అక్కడ ట్రెజరీకి కాదు, ముందు ఆయన పని చేసిన ఆఫీసుకి పోవాలి, పెన్షన్ కాగితాలు తయారు చేయాల్సింది వాళ్లే. రావాల్సినవి చాలా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ఫారం, ఒక్కో ఆఫీసు. జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) నిల్వ, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) పాలసీ డబ్బు, గ్రూప్ ఇన్సూరెన్సు, వాడుకోని ఈఎల్స్‌కి (ఆర్జిత సెలవులకి) 300 రోజుల దాకా జీతం, డెత్ గ్రాట్యుటీ, ఇది 2022 పీఆర్సీతో గరిష్ఠంగా 16 లక్షలు అయింది, ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్. సర్వీసు రిజిస్టర్‌లో నామినేషన్ పేజీలు జిరాక్సు అడిగి తీసుకోండి. ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్లి కాలేదు కాబట్టి వాళ్లమ్మ పేరు రాసి, పెళ్లయ్యాక మార్చని వాళ్లు బోలెడు మంది, అత్తాకోడళ్ల మధ్య గొడవ మొదలయ్యేది అక్కడే. కారుణ్య నియామకం కావాలంటే మనిషి పోయాక ఏడాదిలోపు అర్జీ పడాలి, దుఃఖంలో ఉండి ఆ గడువు దాటబెట్టుకున్న ఇళ్లు నేను చూశా, కనీసం ఒక అర్జీ అయినా పడేసి నంబరు తీసుకోండి.

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినోళ్లు సీపీఎస్ కిందకి, అంటే ఉద్యోగి కూడా జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం కిందకి వస్తారు. వాళ్లకి ఆ డబ్బు జమయ్యే ప్రాన్ అకౌంటు ఉంటది. సర్వీసులో పోతే కుటుంబం పాత రూల్స్ ప్రకారం ఫ్యామిలీ పెన్షన్ కోరుకునే ఆప్షన్ ఉంది, అది కోరుకుంటే ప్రాన్‌లో ఉన్న డబ్బు ప్రభుత్వానికి వదులుకోవాలి. ఒకేసారి వచ్చే డబ్బు చూసి తొందరపడొద్దు, ఆమె వయసు 35 అనుకోండి, నెలనెలా జీవితాంతం డీఆర్‌తో పెరుగుతా వచ్చేది ఎంతవుద్దో కాగితం మీద లెక్కేసి అప్పుడు సంతకం పెట్టండి. నా మాట అడిగితే చిన్న వయసులో పిల్లలతో మిగిలిన ఆడమనిషికి నెల పెన్షనే మేలు, చేతికొచ్చిన పెద్ద మొత్తం బంధువుల చేతుల్లో ఎట్టా కరిగిపోద్దో మనకి తెలియంది కాదు.

కేంద్ర ప్రభుత్వం వాళ్లది, రైల్వే వాళ్లది, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) వాళ్లది దారి వేరు, వాళ్లకి పెన్షన్ ఇచ్చే బ్యాంకు బ్రాంచీకే ముందు పోయి చెప్పాలి, కాగితాలు మాత్రం దాదాపు ఇవే.

పెన్షన్ మొదలయ్యాక ఇంకో మూడు పనులు మిగులుతాయి. ఈహెచ్ఎస్ హెల్త్ కార్డు నాన్న పేరు మీద ఉంటది, అమ్మని ఫ్యామిలీ పెన్షనర్‌గా చూపించి మార్పించుకోవాలి, ఆస్పత్రిలో చేరిన రోజు చేద్దాంలే అనుకుంటే కుదరదు. ఇన్‌కం టాక్సు, ఫ్యామిలీ పెన్షన్‌ని జీతంలా కాకుండా ఇతర ఆదాయం కింద చూపిస్తారు, దాంట్లో మూడో వంతు, లేదంటే పాత విధానంలో 15,000, కొత్త విధానంలో 25,000, ఏది తక్కువైతే అది మినహాయింపు.

మూడోది లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానని చూపించేది, ఇక నుంచి ఏటా అమ్మే ఇవ్వాలి. మొదటి ఏడాది మీసేవలో మా అమ్మ వేలు పెడితే మిషను తీసుకోలేదు, పొగాకు నాట్లు నాటి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లు, పదీ పెట్టించాడు, ఒక్కటీ పడలేదు. కొబ్బరి నూనె రాసి చూశాం, తడిగుడ్డతో తుడిచి చూశాం. ఆఖరికి అక్కడున్న పిల్లోడే జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖంతో కూడా చేయొచ్చమ్మా అని ఫోను ఎదురుగా పట్టుకుని కళ్లు ఆర్పమన్నాడు, అమ్మ రెండుసార్లు ఆర్పింది, అయిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే నా ఫోన్లో చేస్తన్నా. చేశాక వచ్చే నంబరున్న కాగితం ప్రింటు తీసి ట్రెజరీలో ఎక్కిందో లేదో ఒకసారి అడిగి, పీపీఓ పక్కనే అదే పాలిథిన్ కవర్లో పెడతన్నా.